మూడు చాయ్‌ల మందు

మీ ఇంటి ముందు గోడ నల్లబడి ఉందనుకోండి. మీరు కరీంనగర్‌లో ఉంటున్నట్టయితే, షరీఫ్ ఆ వీధిలోకి రాకుండా చూసుకోవడం మంచిది. అతను మిమ్మల్ని అడగడు, బతిమాలడు, కార్డు తెచ్చి చేతిలో పెట్టడు. మీరు లోపల పళ్లు తోముకుంటుంటే, బయట గోడ నడిమధ్యన మూరెడు పొడవు, మూరెడు వెడల్పు ముక్క కడిగేసి తన దారిన తాను పోతాడు.

దాని పేరు శాంపిల్. అంతవరకు మీ గోడ మీకు బాగానే కనిపించింది. ఆ తెల్ల ముక్క పడ్డాక మిగతా గోడంతా పెనం అడుగులా కనిపిస్తుంది. మొదటిరోజు మీరు చూస్తారు. రెండోరోజు పక్కింటివాళ్లు చూస్తారు. మూడోరోజు మీ వియ్యంకుడు చూస్తాడు. నాలుగోరోజు మీరే షరీఫ్‌కు ఫోన్ చేస్తారు.

"కస్టమర్‌కు చెప్తే ఇనడు. చూపియ్యాలె," అనేది షరీఫ్ సిద్ధాంతం. కమాన్ దగ్గర గంగయ్య హోటల్లో రోజూ పొద్దున్నే ఈ మాట ఒక్కసారైనా అననిదే అతనికి చాయ్ గొంతు దిగదు.

వినడానికి ఇద్దరు ఉంటారు. ఒకడు తాళ్ల మల్లేష్. పెద్ద బిల్డింగులకు తాడు కట్టుకుని వేలాడుతూ అద్దాలు తుడుస్తాడు. నేల మీద కాళ్లు పెడితే కళ్లు తిరుగుతాయని హోటల్ బెంచీ మీద కూడా బాసింపట్టు వేసుకునే కూర్చుంటాడు. రెండోవాడు యాసిడ్ జియావుల్లా. రాళ్ల మీద, టైల్సు మీద మరకలు తీస్తాడు. అతని చొక్కాలన్నిట్లో చిల్లు లేనిది పెళ్లినాటి చొక్కా ఒక్కటే. మన షరీఫ్‌కు ప్రెషర్ మిషన్ ఉంది కాబట్టి అతను ప్రెషర్ షరీఫ్. ఇంటికి పోయాక ప్రెషర్ ఎవరిదో తర్వాత తెలుస్తుంది.

ఈ ముగ్గురికీ ఒక రూలుంది. ఒకడు శాంపిల్ వేసిన గోడ మీద ఇంకొకడు చెయ్యి పెట్టకూడదు. ఆ గోడ శాంపిల్ వేసినవాడిదే. ఎందుకు పెట్టుకున్నారంటే, వేములవాడలో ఒక లాడ్జీ ఆయన వీళ్లకు నేర్పిన పాఠం అది. షరీఫ్ శాంపిల్ వేస్తే, "మల్లేష్ ఇంతకన్న పెద్దగ ఏసిండు," అనేవాడు. మల్లేష్ వేస్తే, "షరీఫ్ ఇంకా తెల్లగ తీసిండు," అనేవాడు. అటునుంచి ఒకడు, ఇటునుంచి ఒకడు శాంపిళ్లు వేసుకుంటూ వచ్చి గోడ మధ్యలో ఇద్దరూ ఎదురుపడ్డాక చూసుకుంటే, కడగడానికి లాడ్జీ ఏమీ మిగల్లేదు. ఆ రోజే షరీఫ్ రూలు రాశాడు. తప్పినవాడికి మిగతా ఇద్దరూ తాడు, మందు, సాయం ఏదీ ఇవ్వరు. పోయిన ఏడాది ఈ రూలు కిందనే మల్లేష్ చేతినుంచి ఒక పెద్ద బిల్డింగు జారిపోయింది. అప్పుడు రూలు చదివి వినిపించింది షరీఫే.

ఇక షరీఫ్ సొంత గోడ. దీపం కిందనే చీకటి అన్నట్టు, హుస్సేనిపురలో అతని ఇంటి ముందు గోడంత నల్లని గోడ ఆ గల్లీలోనే లేదు. ఆరేళ్ల వానల పాకురు, గ్రానైట్ లారీల దుమ్ము, ట్యాంకు పొంగిన చారలు, అన్నీ కలిసి దాని మీద స్థిరపడ్డాయి. అది అసలు ఏ రంగో షరీఫ్‌కు గుర్తులేదు. భార్య ఖుద్సియాకు గుర్తుంది.

"కైనాత్ అబ్బా, ఊరోళ్ల గోడలన్ని కడుగుతవ్. మన గోడ ఏం పాపం జేసింది?" అని ఆమె వారానికోసారి అడుగుతుంది. కైనాత్ వాళ్ల కూతురు, వరంగల్‌లో చదువుతోంది.

"మన గోడ కస్టమర్ గాదు గద."

"నన్నే కస్టమర్ అనుకో."

"ఇంట్లోళ్లు కస్టమర్లయితే ధంధా నడ్వది, ఖుద్సియా."

"గోడ పోనీ, ఆ ఫ్యానన్న తుడువు. రంజాన్ కాడ్నుంచి అడుగుతున్న."

"తిరిగే ఫ్యాన్ మీద దుమ్ము కనవడదు. నువ్వు బంద్ జేసి చూస్తవ్, అదీ నీ తోని తక్లీఫ్."

"మరి గోడ ఎప్పుడు కడుగుతవ్?"

"వచ్చే జుమ్మా పోనీ."

"ఏ ఏడాది జుమ్మానో అది గూడ జెప్పు," అనేసి ఖుద్సియా వంటింట్లోకి పోతుంది. షరీఫ్ మిషన్ బండి మీద వేసుకుని ఇంకొకరి గోడ కడగడానికి పోతాడు. ఆరేళ్లుగా ఇదే కథ.

ఒక మంగళవారం పొద్దున షరీఫ్ ఎప్పటిలాగే "ఒక్క చాయ్ తాగొస్త" అని హోటల్‌కు పోయి, ఎప్పటిలాగే మూడు తాగి తిరిగొచ్చాడు. గేటు దగ్గర బండి ఆపి అట్లాగే నిలబడిపోయాడు. అతని గోడ నడిమధ్యన మూరెడు పొడవు, మూరెడు వెడల్పు ముక్క లేత పచ్చగా మెరుస్తోంది.

అతని గోడకు ఎవరో శాంపిల్ వేశారు.

"ఖుద్సియా, గిదెవలు జేసిన్రు?"

ఆమె కిటికీలోంచి చూసింది. "నాకేమెర్క? శాంపిల్ ఏసెటోడు చెప్పి ఏస్తడా? నువ్వు ఎవలకన్న చెప్పి ఏసినవా?"

షరీఫ్‌కు సగం పరువు పోయింది, సగం ఆశ్చర్యం పట్టుకుంది. రెండింటిలో ఆశ్చర్యమే పెద్దది. ఫోన్ చేసి మల్లేష్‌ను, జియావుల్లాను పిలిచాడు. పావుగంటలో ముగ్గురూ గోడ ముందు దొంగతనం జరిగిన ఇంటికొచ్చిన పోలీసుల్లా నిలబడ్డారు.

మల్లేష్ ముక్కు ఆనించి వాసన చూశాడు. "మిషన్ గాదు. మిషన్ అయితే చారలు వడ్తయి."

జియావుల్లా వేలితో రాసి నాలుకకు అంటించుకున్నాడు. "యాసిడ్ గాదు. యాసిడ్ అయితే నాకు తెల్వకుంట ఉంటదా?"

"బ్రష్ గీతలు గూడ లేవు," అన్నాడు మల్లేష్.

"రంగు ఊడలే, చూడు. కింద పచ్చరంగు ఉన్నది ఉన్నట్టే ఉన్నది. గిసొంటి పని నేను హైదరాబాద్‌ల గూడ చూడలే."

"మన గోడ పచ్చదా?" అన్నాడు షరీఫ్ మెల్లగా.

"చెప్తే ఇన్నవా," అంది ఖుద్సియా కిటికీలోంచి.

నువ్వంటే నువ్వని ముగ్గురూ ఒకర్నొకరు అనుమానించుకున్నారు. మల్లేష్ వేములవాడ రాజన్న మీద, జియావుల్లా తల్లి మీద ఒట్టేశారు. షరీఫ్ అలవాటు కొద్దీ తాను కూడా ఒట్టేశాడు. ఎవరో కొత్తవాడు ఊళ్లోకి దిగాడు, వాడి దగ్గర కొత్త మందేదో ఉంది, అని తేలింది.

"ఎవడన్న గానీ, ఇయ్యాలనే మిషన్ వెట్టి గోడంత కడిగేస్త. పీడ వోతది," అన్నాడు షరీఫ్.

"ఎట్ల కడుగుతవ్ భాయ్?" అన్నాడు మల్లేష్. ఏడాదిగా దాచుకున్న సంతోషం అతని మొహంలో పొంగింది. "శాంపిల్ ఎవలు ఏసిన్రో గోడ వాళ్లదే. రూలు నువ్వే రాస్తివి."

"నా గోడ గదనే."

"రూలుల సొంత గోడ, పరాయి గోడ అని రాయలే," అన్నాడు జియావుల్లా.

సరిగ్గా అప్పుడే షరీఫ్ ఫోన్ మోగింది. ఉపేందర్‌రావు. హుజూరాబాద్ రోడ్డు మీద ఆయనకు మూడంతస్తుల ఫంక్షన్ హాలుంది. పది రోజుల కింద షరీఫ్ దానికి శాంపిల్ వేసి వచ్చాడు. ఆ పని దొరికితే షరీఫ్ మిషన్‌కు, మల్లేష్ తాళ్లకు, జియావుల్లా యాసిడ్‌కు రెండు నెలలు తీరిక ఉండదు. దొరక్కపోతే సంక్రాంతి దాకా ముగ్గురూ గంగయ్య హోటల్లోనే కూర్చోవాలి.

"షరీఫ్, పని ఇచ్చేముందు నేను మనిషి ఇల్లు చూస్త. అది నా అలవాటు," అన్నాడు ఉపేందర్‌రావు. "శుక్రవారం మీ ఇంటికొస్త. ఇల్లు మంచిగనే ఉంటది గద?"

"పాలమీగడ లెక్క ఉంటది సార్," అన్నాడు షరీఫ్. నోరు అలవాటు కొద్దీ అనేసింది. ఫోన్ పెట్టేశాక గోడ వైపు చూశాడు. రూలు తప్పి కడిగితే హాలు పనికి మల్లేష్ తాళ్లు ఇవ్వడు. తాళ్లు లేకుండా మూడంతస్తులు ఎక్కలేడు. కడక్కపోతే ఉపేందర్‌రావు గేటు దగ్గరినుంచే వెనక్కి పోతాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఉపాయం జియావుల్లాకు తట్టింది. "శాంపిల్ ఉంటేనే గద రూలు. కనవడకపోతే గోడ ఖాళీ. దాన్ని మళ్ల మురికి జెయ్యి. నేను, మల్లేష్ వచ్చి చూసి, శాంపిల్ లేదని ఒప్పుకుంటం. అప్పుడు బేషుగ్గ కడుక్కో."

ముగ్గురూ దీనికి ఒప్పుకున్నారు. ఇంట్లో చెప్పకూడదని షరీఫ్ తనకు తాను ఒప్పుకున్నాడు.

మురికి చేయడం ఎంత కష్టమో బుధవారం తెలిసింది. షరీఫ్‌కు నలభై రకాల మురికి పేర్లు తెలుసు. ఏది ఎట్లా పోతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఎట్లా వస్తుందో ఎన్నడూ ఆలోచించలేదు. ముందు చాయ్ డికాషన్ పూశాడు. అది కారిపోయి గోడ ఏడ్చినట్టు కనిపించింది. తర్వాత రొట్టెల పెనం అడుగున మసి గీకి పూశాడు. అది కొత్త బూటులా మెరిసింది. పెరుగు పూస్తే పాకురు తొందరగా పడుతుందని ఎప్పుడో ఎవరో చెప్పింది గుర్తొచ్చి, మసిలో పెరుగు కలిపి రాశాడు. సాయంత్రం మసక వెలుగులో, కళ్లు సగం మూసి చూస్తే, ఫరవాలేదనిపించింది.

"పెరుగేది?" అని అడిగింది ఖుద్సియా అన్నాల దగ్గర.

"పిల్లి తాగినట్టున్నది."

"పిల్లి గిన్నె కడిగి బోర్లిచ్చి పోయిందా?"

షరీఫ్ తేలు కుట్టిన దొంగలా పళ్లెంలోకి తల వంచాడు. పాడు అలవాటు, ఏది మురికిగా కనిపించినా చెయ్యి ఊరుకోదు.

"పెనం గూడ ఎన్నడు లేనిది తళతళ మెరుస్తున్నది," అంది ఖుద్సియా. "మంచి పిల్లి. మంచిగ సాదుకుందాం."

గురువారం పొద్దున షరీఫ్ సాక్షులను తీసుకురావడానికి హోటల్‌కు పోయాడు. మల్లేష్ చివరి గుక్క తాగేసరికి మూడు చాయ్‌లయ్యాయి. ముగ్గురూ ఇంటికొచ్చి చూస్తే, పాత ముక్క మళ్లీ పచ్చగా నవ్వుతోంది. దాని పక్కనే, ఇంకాస్త పైన, కొత్త ముక్క ఒకటి.

"రెండైనయి," అన్నాడు జియావుల్లా.

"నాకు గూడ లెక్కవెట్టుడు వస్తది," అన్నాడు షరీఫ్.

"అది గాదు భాయ్. నువ్వు పూసిన మసి, పెరుగు, డికాషన్ మొత్తం పోయినయి, రంగు మాత్రం ఊడలే. ఆ మందేందో నాకు తెల్వాలె. తెల్వకపోతే నాకు ఇయ్యాల బువ్వ దిగది."

నిజానికి ఆ రోజు ముగ్గురికీ బువ్వ దిగలేదు. కుంకుడు రసమని మల్లేష్, విదేశం నుంచి తెప్పించిన పొడి అని జియావుల్లా వాదించుకున్నారు. ఖుద్సియా వాళ్ల మాటలు వింటూ చిక్కుడుకాయలు ఒలిచింది. మధ్యలో ఒక్కసారి మాత్రం, "ఆ మనిషి దొరికితే ఏం జేస్తరు?" అని అడిగింది.

"కాళ్లు మొక్కి నేర్సుకుంట," అన్నాడు షరీఫ్. ఆ మాట ఆమె మనసులో పెట్టుకుంది.

శుక్రవారం పొద్దున షరీఫ్ గోడకు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"ఇయ్యాల చాయ్‌కు పోతలేవా?" అడిగింది ఖుద్సియా.

"పోను. ఇయ్యాల కాపలా. వానెవడో నా చేతుల చిక్కాలె."

ఆమె చీపురు పట్టుకుంది, పెట్టేసింది. లోపలికి పోయి చాయ్ చేసి తెచ్చి ఇచ్చింది. ఏడున్నర దాకా ఒక్క పురుగు కూడా ఆ గోడ దగ్గరికి రాలేదు.

"చూసినవా? నేనుంటే ఎవ్వడు రాలే," అన్నాడు షరీఫ్ గర్వంగా.

"అవ్, ఎట్లొస్తరు," అంది ఖుద్సియా.

ఉపేందర్‌రావు వచ్చేది మధ్యాహ్నం నమాజు తర్వాత. ఈలోగా రెండు ముక్కలూ మాయం చేసి, సాక్షులు ఒప్పుకోగానే గోడంతా కడిగేయాలి. ఖుద్సియా పెనం దాచేసింది కాబట్టి మల్లేష్ తన ఇంటి పెనం తెచ్చాడు. జియావుల్లా పెరుగు ప్యాకెట్టు తెచ్చాడు. షరీఫ్ లుంగీ ఎగ్గట్టి, స్టూలెక్కి, మోచేతుల దాకా మసితో మొదటి ముక్క పూర్తిచేసి రెండో ముక్కకు చెయ్యి ఎత్తాడు. గేటు ముందు కారు ఆగింది.

ఉపేందర్‌రావు వేములవాడ దర్శనానికి పోతూ దారిలో పని చూసుకుందామని ముందే వచ్చాడు. ఆయన గోడ చూశాడు, స్టూలు మీద మనిషిని చూశాడు, కింద పెనం పట్టుకున్న మనిషిని, పెరుగు పట్టుకున్న మనిషిని చూశాడు.

"షరీఫ్, గోడ కడుగుతున్నవా?"

"కడుగుతలేను సార్," అన్నాడు షరీఫ్. భయంలో నిజమే వచ్చింది. "మురికి జేస్తున్న."

"నీ గోడకే?"

"మాకొక రూలున్నది సార్." షరీఫ్ స్టూలు మీదినుంచే లాడ్జీ సంగతి, శాంపిల్ సంగతి, కొత్త మందు సంగతి చెప్పుకొచ్చాడు. చెప్పేకొద్దీ తనకే అర్థం కాకుండా పోయింది. ఉపేందర్‌రావు చేతులు కట్టుకుని అంతా విన్నాడు. పొలం, వ్యాపారం చేసి తల నెరిసిన మనిషి ఆయన. కడిగి బతికేవాడు మురికి పూసుకోవడం ఎక్కడా చూడలేదు.

"పెరుగు ఎందుకని, అది ఇంకోసారి చెప్పు," అన్నాడు.

షరీఫ్‌కు ఫంక్షన్ హాలు తన కళ్ల ముందే కారెక్కి పోతున్నట్టనిపించింది. తనతో పాటు ఈ ఇద్దరి పనీ పోయింది. మల్లేష్ పెనం వెనక్కి దాచుకున్నాడు.

ఉపేందర్‌రావు మిగిలిన పచ్చ ముక్క దగ్గరికి పోయి అరచేత్తో తడిమాడు. "నీ శాంపిల్ నా హాలుకు చూసిన, షరీఫ్. మురికి పోయింది గని, దాంతోని రంగు గూడ లేచింది. అందుకే పది రోజులు ఆలోచన జేసిన. గీ ముక్క ఎవలు జేసిన్రు?"

"అదే తెల్వదు సార్. నాలుగు రోజుల సంది అదే దేవులాడుతున్నం."

"నేనే సార్," అంది ఖుద్సియా. తల మీద దుపట్టా సవరించుకుంటూ, ట్రేలో చాయ్‌లతో గుమ్మంలో నిలబడి ఉంది.

షరీఫ్ స్టూలు దిగడం మర్చిపోయాడు. ముందు నోరు విప్పింది జియావుల్లా. పరువు, పని అన్నీ తర్వాత, అతనికి ముందు మందు కావాలి.

"భాభీ, మందేంది?"

"బ్లీచింగ్ పౌడర్. మీ బండ్లల్ల పడుండేదే."

"అది మేము గూడ ఏస్తం. మాకు గిట్ల రాదు."

"ఏసినంక ఏం జేస్తరు?"

"వెంటనే మిషన్ కొడ్తం."

"అదే తప్పు. నీళ్లల్ల కలిపి పూసి, ఊకె కూసోవాలె. ఎంతసేపంటే, మీ భాయ్ ఒక్క చాయ్ అని పోయి మూడు చాయ్‌లు తాగొచ్చే దాక. అటెన్క తడిగుడ్డతోని వాసన పోయేదాక తుడుస్తే అదే వస్తది. మాడిన గిన్నె సంగతి గూడ గంతే. గీకితే గిన్నె పోతది, నానవెడితే మాడు పోతది."

ముగ్గురు కాంట్రాక్టర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముగ్గురి ఇళ్లలోనూ రోజూ గిన్నెలు నానుతూనే ఉన్నాయి.

"మరి నాకు చెప్పకపోతివి?" అన్నాడు షరీఫ్.

"ఆరేండ్లు గోడ కడుగుమని చెప్పిన. ఇన్నవా? నువ్వే అంటవ్ గద, చెప్తే ఇనరు, చూపియ్యాలె అని. చూపిచ్చిన."

ఉపేందర్‌రావు చాయ్ అందుకున్నాడు. నవ్వు ఆపుకోవడానికి సగం కప్పు ఒకే గుక్కలో తాగాడు. "అమ్మా, నా హాలు పని నువ్వు చెప్పినట్టు చేస్తమంటేనే వీళ్లకిస్త. నువ్వేమంటవ్?"

"చేపిస్త సార్. గని మొదలు నా గోడ."

"మీ గోడ ఎవలు కడుగుతరు?"

"రూలు ప్రకారం అది నా గోడ," అంది ఖుద్సియా మల్లేష్ వైపు తిరిగి. "కూలీలు ముగ్గురు ఉండనే ఉన్నరు. ఒకాయన కాళ్లు మొక్కి నేర్సుకుంటనని గూడ అన్నడు."

మల్లేష్ వెంటనే తలూపాడు. రూలు మీద అతనికంత గౌరవం ఎన్నడూ కలగలేదు.

ఆదివారం ముగ్గురూ గోడకు మందు పూశారు. పూశాక షరీఫ్ చెయ్యి మిషన్ వైపు పోతూనే ఉంది, ఖుద్సియా దగ్గుతూనే ఉంది. చివరికి ముగ్గురూ అరుగు మీద కూర్చుని, గోడను చూస్తూ, మూడేసి చాయ్‌లు తాగారు. ఇరవై ఏళ్లలో పని మధ్యలో చేతులు ముడుచుకుని కూర్చోవడం షరీఫ్‌కు అదే మొదలు. తడిగుడ్డలతో తుడుస్తుంటే లేత పచ్చ రంగు బారెడు బారెడుగా బయటికి వచ్చింది. అప్పుడు అతనికి గుర్తొచ్చింది. ఇల్లు కట్టినప్పుడు ఖుద్సియా తన నిఖా దుపట్టా కొంగు తీసుకొచ్చి, రంగుల దుకాణంలో డబ్బాల పక్కన పెట్టి చూసి చూసి ఏరుకున్న రంగది. ఆరేళ్లు దాన్ని మసిలో ఉంచినందుకు షరీఫ్‌కు నిజంగానే సిగ్గేసింది. ఆ మాట ఆమెకు చెబుదామనుకున్నాడు. అందరి ముందూ ఎందుకని, "మంచి రంగే," అన్నాడు.

"ఆరేండ్ల కింద గూడ గదే అన్నవ్," అంది ఖుద్సియా. ఆమె మొహంలో సంతోషం దాగలేదు.

మధ్యాహ్నం బిర్యానీ తిని, స్నేహితులను సాగనంపి, షరీఫ్ మంచం మీద వెల్లకిలా పడ్డాడు. గోడ అయిపోయింది, హాలు దొరికింది, ఇక ఈ ఇంట్లో తను చేయాల్సిన పనేదీ లేదనుకున్నాడు. కళ్లు మూతలు పడుతుండగా కరెంటు పోయింది.

ఫ్యాన్ మెల్లగా తిరిగి, ఇంకా మెల్లగా తిరిగి, ఆగింది. మూడు రెక్కల్లో రెండు ఎప్పటిలాగే నల్లగా ఉన్నాయి. మూడోది పాలమీగడలా మెరుస్తోంది.

వంటింట్లో గిన్నెల చప్పుడు కూడా ఆగింది.

"కైనాత్ అబ్బా, చాయ్‌కు పోతలేవా?" అని అడిగింది ఖుద్సియా లోపలినుంచి.

"పోను," అన్నాడు షరీఫ్ లేచి స్టూలు లాక్కుంటూ. "మూడు గూడ ఇంట్లనే తాగుత. గుడ్డ ఏడున్నది?"